రెండున్నర గంటల ఖాళీ

సూర్యుడి మీద పరిశోధన చేస్తున్నానని చెప్పగానే సిద్దిపేటలో ఎవరైనా మొదట అడిగేది, "అయితే ఈసారి ఎండలెట్లుంటయి మేడం?" అని. ఆ తర్వాత జాతకం. ఈ రెంటికీ నా దగ్గర జవాబు లేదు కనుక మూడో ప్రశ్న దాకా ఎవరూ రారు. నాకూ అదే నయం. పగలు ఇక్కడి డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను, అది జీతం కోసం. సాయంత్రాలూ సెలవు రోజులూ సూర్యుడి కడుపులో ఏముందో లెక్కలు కడుతూ కూర్చుంటాను. అది ఎందుకోసమో నన్ను కన్న మా అవ్వకు ఇప్పటికీ అంతుబట్టలేదు.

మూడో ప్రశ్న అడిగినవాడు మా బాపు ఒక్కడే. బాపు బస్సు డ్రైవరు. సిద్దిపేట నుంచి గజ్వేల్, అక్కడి నుంచి జగదేవ్‌పూర్, మళ్ళీ వెనక్కి. రిటైరయ్యేదాకా దాదాపు అదే రూటు. చదివింది ఏడో తరగతి. ఒకరోజు టీ గ్లాసు పట్టుకుని నా టేబుల్ పక్కన నిలబడి, "లోపలికి పోకుంట లోపలేమున్నదో ఎట్ల చెప్తవే?" అన్నాడు.

చెప్పాను. సూర్యుడి ఒళ్ళు ఒక్క క్షణం కుదురుగా ఉండదు. లోపల కుతకుత ఉడుకుతున్నప్పుడు పుట్టే చప్పుడు పైకి వచ్చి, పైపొరను తాకి, మళ్ళీ లోపలికి పోతుంది. ఆ తాకిడికి పైపొర సుమారు ఐదు నిమిషాలకొకసారి పైకి లేచి కిందికి దిగుతుంది. మధ్యలో గాలి లేదు కాబట్టి ఆ చప్పుడు మన దాకా రాదు. కదలిక మాత్రం వెలుగులో వెంట్రుకవాసి తేడాగా కనిపిస్తుంది. కొన్ని అలలు పైపైనే తిరిగి వస్తాయి, కొన్ని లోతుదాకా పోయి వస్తాయి. ఏది ఎంతసేపటికి తిరిగొచ్చిందో చూసి లోపల ఎంత వేడి, ఏ పొర ఎంత జోరుగా తిరుగుతోంది అని లెక్క తేలుస్తాం.

"అట్లనా! బానెట్ మీద చెయ్యి పెట్టినట్టు" అన్నాడు బాపు.

పాత బస్సుల్లో ఇంజను డ్రైవరు పక్కనే ఉండేది. దాని మీది మూతే బానెట్. బాపు ఎడమ అరచెయ్యి దాని మీద ఆనించి, "ఒక సిలిండర్ అందుకుంటలేదు" అనేవాడట. డిపోలో విప్పి చూస్తే నిజంగా అదే ఉండేదట. నా విద్యార్థులకు ఒక సెమిస్టర్ పట్టే సంగతి ఆయనకు టీ చల్లారేలోపు అర్థమైంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో నా పనికి ఒక మనిషి దొరికాడు. అవ్వ మాత్రం, "ఇద్దరికి ఇద్దరు దొరికిన్రు" అని వంటింట్లోకి పోయేది.

ఆయన తర్వాతి అనుమానం ఇంకా పెద్దది. "మరి రాత్రైతే ఎట్ల? చెయ్యి తీసి మళ్ళ పెడితే చప్పుడు తెగిపోదా?" తెగిపోతుంది. పగలు మాత్రమే చూస్తే, రోజుకొకసారి వచ్చే ఆ చీకటి కూడా లెక్కలో కలిసిపోయి, సూర్యుడిలో లేని స్వరాలు ఉన్నట్టు తేలుతుంది. అందుకే భూమి చుట్టూ ఆరు చోట్ల ఒకే రకం దూరదర్శినులు పెట్టారు. మనకు పొద్దు గూకితే ఇంకో దేశంలో పొద్దు పొడుస్తుంది. నిమిషానికొక బొమ్మ, ఏళ్ళ తరబడి. ఇది విన్నాక బాపు చుట్టాలందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. "మా బిడ్డకు పొద్దే గూకదు. పొద్దు గూకితే గద ముహూర్తం పెట్టేది!" నా పెళ్ళి సంగతి ఎత్తిన ప్రతివాళ్ళకూ అదే జవాబు. నన్ను ఎగతాళి చేస్తున్నాడో, వాళ్ళ నోరు మూయిస్తున్నాడో నాకు తెలిసేది కాదు. రెండూ కావచ్చు.

ఇక నా పని. ఆరు దూరదర్శినులున్నా ఖాళీలు పడతాయి. రెండు మూడు చోట్ల ఒకేసారి మబ్బు పడుతుంది, వాన వస్తుంది, ఏదో యంత్రం మొరాయిస్తుంది. ఆ ఖాళీలను నింపడమే నా వంతు. ఖాళీకి ముందు సూర్యుడు ఎట్లా కదిలాడు, తర్వాత ఎట్లా కదిలాడు అని చూసి, మధ్యలో ఎట్లా కదిలి ఉంటాడో రాస్తాను. దానితో పాటు ఇంకో పట్టీ కూడా ఉంటుంది. చూసిన ప్రతి నిమిషానికీ ఒకటి, చూడని నిమిషానికి సున్నా. నూటికి తొంభై పాళ్ళు ఒకట్లు ఉన్నాయంటే మాకు పండుగే. ఖాళీ ఎందుకు వచ్చిందని మేము అడగం. మబ్బు సూర్యుణ్ణి అడిగి రాదు కదా. కింద మబ్బు పట్టిందని పైన సూర్యుడు వేరేగా కదలడు. నింపడమనే పని మొత్తం ఈ ఒక్క ధైర్యం మీదే నిలబడి ఉంది. దీన్ని నేను పదేళ్ళుగా నమ్ముతూ వచ్చాను. నమ్మానని కూడా తెలియనంతగా నమ్మాను.

ఆ సంవత్సరం బాపు రెండుసార్లు కళ్ళు తిరిగి కూలబడ్డాడు. ఒకసారి కూరగాయల మార్కెట్లో, సంచి చేతిలో ఉండగానే. ఇంకోసారి బాత్రూంలో. ఈసీజీ తీస్తే ఏమీ కనిపించలేదు. అది పట్టుమని పది సెకన్ల చూపు, దానికేం కనిపిస్తుంది? గుండె డాక్టరు కూడా అదే అన్నాడు. ఒక రోజంతా చూడాలని, ఛాతీ మీద బిళ్ళలు అతికించి, వాటి తీగలన్నీ నడుముకు కట్టే చిన్న డబ్బాకు కలిపాడు. "రోజూ చేసే పనులన్నీ చేసుకోండి. ఇది మాత్రం రేపు పొద్దున దాకా తీయొద్దు" అన్నాడు.

ఆటోలో ఇంటికి వస్తూ బాపు చొక్కా పైనుంచే డబ్బాను తడిమి చూసుకున్నాడు. "ఇది అన్ని రాసుకుంటదా?"

"అన్నీ. ఒక్క కొట్టుడు కూడా విడిచిపెట్టది."

"తీస్తే ఏమైతది?"

"సున్నలు పడ్తయి బాపూ. సున్నంటే తెల్వదని అర్థం."

"లెక్క ఖరాబు కాదా?"

నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. "రెండు మూడు గంటలైతే ఏం కాదు. నేను రోజు చేసే పనే గద అది. అటూ ఇటూ చూసి నింపుకుంటం. తీయకు గాని, పొరపాటున ఊడిపోతే పరేషాన్ కాకు" అన్నాను. ధైర్యం చెప్పాననుకున్నాను.

ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కోకముందే ఫోను వచ్చింది. బాపు బండికి చాలా ఏళ్ళు కండక్టరుగా చేసినాయన జగదేవ్‌పూర్‌లో తెల్లవారుజామున పోయాడు. ఆయన రిటైరై ఊళ్ళోనే ఉంటున్నాడు. మధ్యాహ్నానికే శవాన్ని తీస్తారట. బాపు ఫోను కింద పెట్టి కండువా వెతుక్కున్నాడు. ఇద్దరిదీ ఒక వింత స్నేహం. ఒకరి ముఖం ఒకరికి కనిపించకుండా, ఒకరి మాట మీద ఒకరు పని చేసినవాళ్ళు. వెనక నుంచి 'రైట్ రైట్' అని వినిపిస్తే ఈయన కదిలేవాడు, 'హోల్డాన్' అంటే ఆగేవాడు. అంతకంటే ఎక్కువ మాట్లాడుకోగా నేనెప్పుడూ చూడలేదు.

వద్దని చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పినా ఆగడు. డాక్టరు కూడా రోజూ చేసే పనులు చేసుకోమన్నాడు కదా అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. కాలేజీకి సెలవు పెట్టి నేనూ వెంట వెళ్ళాను. అవ్వకు మోకాళ్ళు నొప్పి, ఇంట్లోనే ఉండిపోయింది. గజ్వేల్‌లో బస్సు మారేటప్పుడు డ్రైవరు బాపును గుర్తుపట్టి తన పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. బాపు చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, డబ్బా కనపడకుండా కండువా కప్పుకున్నాడు. చావింటికి తీగలతో పోవడం సిగ్గుగా ఉందని నాకు అర్థమైంది.

పన్నెండింటికి పాడె లేచింది. ముందు ఎడమవైపు కొయ్య బాపు భుజం మీద ఉంది. నేను అడ్డం పోయి, "బాపూ, నువ్వు మొయ్యకు" అన్నాను. ఆయన విననట్టే ముందుకు చూశాడు. డప్పులు మొదలయ్యాయి. ఆడవాళ్ళం వీధి చివర మలుపు దాకా నడిచి అక్కడ ఆగిపోయాం. అక్కడి నుంచి ముందుకు ఆడవాళ్ళు పోరు. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో. నేను క్లాసులో ఇట్లాంటివాటి మీద గంటసేపు కోప్పడగలను, కానీ ఆ రోజు అందరితో పాటు నేనూ ఆగాను. పాడె మలుపు తిరిగింది. బాపు తెల్ల చొక్కా కాసేపు మనుషుల మధ్య కనిపించి, తర్వాత కనిపించలేదు.

తిరిగి వచ్చేసరికి రెండున్నర దాటింది. తల తడిసి ఉంది, ఒంటి మీద తడి పంచె. తీగలూ డబ్బా కండువాలో మూట కట్టి చేత్తో పట్టుకున్నాడు.

"బోరు కాడ తానం చేసిన బిడ్డా. తడుస్తదని తీసిన."

చావు నుంచి వచ్చినవాళ్ళు తలమీంచి నీళ్ళు పోసుకోకుండా ఎవరింటి గడపా తొక్కరు. అది తెలిసిందే కనుక నేను ఇంకేమీ అడగలేదు. వెనక గదిలో కూర్చోబెట్టి బిళ్ళలు మళ్ళీ అతికించాను. రెండు అతుక్కోకపోతే పక్కింటి నుంచి ప్లాస్టరు తెప్పించి అంటించాను. ఒళ్ళు చల్లగా ఉంది. బోరు నీళ్ళ చలువ అనుకున్నాను. "అయిపోయిందా?" అన్నాను, దహనం సంగతి. "అయిపోయింది" అన్నాడు. బస్సులో తిరుగు దారంతా కళ్ళు మూసుకునే ఉన్నాడు.

మరునాడు డాక్టరు కంప్యూటర్లో చూసి చెప్పాడు. అక్కడక్కడా ఒకటి రెండు కొట్టుకోవడాలు ముందూ వెనకా అయ్యాయి, ఈ వయసులో అది మామూలే, మిగతా అంతా బాగుంది. "మధ్యలో మాత్రం రెండున్నర గంటలు రికార్డు లేదు. నన్నడిగితే ఇంకోరోజు పెడదాం. ఇవ్వాళే పెట్టొచ్చు" అన్నాడు.

కాగితం నేను తీసుకుని చూశాను. పన్నెండూ పదికి గీత ఆగిపోయింది. స్నానం అన్నీ అయ్యాక కదా చేస్తారు, పన్నెండూ పదికెందుకు ఆగింది? ఈ ప్రశ్న నాకు తట్టింది. తట్టలేదని అబద్ధం చెప్పను. కానీ మా పనిలో ఖాళీ ఎప్పుడు మొదలైందో రాసుకుంటాం తప్ప ఎందుకని అడగం. నా చూపు ఖాళీకి ముందున్న గీత మీదికి, తర్వాతున్న గీత మీదికి పోయింది. రెండూ చక్కగా, ఒకే తీరుగా ఉన్నాయి. ఇరవై నాలుగ్గంటల్లో రెండున్నర పోతే ఎంత? నూటికి తొంభై పాళ్ళు చేతిలో ఉంది.

నేను డాక్టరుకు పాఠం చెప్పాను. తాతకు దగ్గులు నేర్పినట్టు, ఒకట్లూ సున్నలూ, ఆరు దూరదర్శినులూ, నింపే పద్ధతీ అన్నీ చెప్పాను. అటూ ఇటూ ఇంత బాగున్నప్పుడు మధ్యలో వేరేగా ఉండే అవకాశం ఎంత తక్కువో కాగితం మీద వేసి చూపించాను. ఆయన చిన్నవాడు, మర్యాదస్తుడు. చేతులు కట్టుకుని విన్నాడు. "అయినా ఇంకోసారి పెడితే నష్టం లేదు కదండీ" అన్నాడు చివరికి. "అవసరం లేదు" అన్నాను. బాపు పక్క కుర్చీలో కూర్చుని నన్నే చూస్తున్నాడు.

ఆ తర్వాత పంతొమ్మిదో రోజు పొద్దున బాపు టీ తాగి వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. కునుకు తీస్తున్నాడనుకుని అవ్వ రెండుసార్లు పక్కనుంచే పోయింది. మూడోసారి గ్లాసు తీసుకుందామని వంగితే తెలిసింది. నేను అప్పుడు సెకండియర్ క్లాసులో ఉన్నాను. ఏం చెబుతున్నానో కూడా గుర్తుంది కానీ ఇక్కడ రాయను.

బాపు పదకొండో దినం నాడు కండక్టరు కొడుకు వచ్చాడు. గజ్వేల్‌లో కూరగాయల వ్యాపారం చేస్తాడు. నన్ను అక్కా అని, మా బాపును పెద్దబాపు అని పిలుస్తాడు. భోజనాలయ్యాక నా పక్కన కూర్చుని, ఓదార్చడానికే అనుకుంటాను, తన తండ్రి అంత్యక్రియల సంగతి ఎత్తాడు.

"పాడె లేపినప్పుడు పెద్దబాపు ఏమన్నడో తెల్సా అక్కా? మెల్లగ 'రైట్ రైట్' అన్నడు. ఎప్పుడు మా బాపు అనేటిది ఆ దినం ఆయనన్నడు. మోసెటోళ్ళమంత ఏడ్సినం." కళ్ళు తుడుచుకున్నాడు. "మలుపు దాటినంక జర దూరానికే కొయ్య పక్కోనికిచ్చిండు. కండ్లు తిరుగుతయని ముందే ఎర్కైందేమో, అంగీ గుండీలిప్పి తీగెలు పీకి, అప్పుడు కూలబడ్డడు. ఒళ్ళంత చెమటలు, మొఖం తెల్లగైంది. నేను ఫోను తీసిన, నీకు చేద్దమని. నా చెయ్యి పట్టుకున్నడు. ఆ తీగెలన్ని కండువల చుట్టుకున్నడు. 'గిది రాసుకున్నదంటే ఇయ్యాల్నే నన్ను దవాఖానల పండవెడ్తది మా బిడ్డ. మీ బాపును ఆఖరుదాక తోల్కపోవాలె నేను' అన్నడు. లెక్క తప్పదా పెద్దబాపు అంటే, 'మా బిడ్డ నింపుకుంటది తియ్. దాని నౌకరే గది' అన్నడు. పావుగంట చెట్టు కింద కూసొని లేసి మళ్ళ భుజం పట్టిండు. గంత గట్టి మనిషి!"

అతను ఇంకా ఏదో చెబుతున్నాడు. నాకు వినబడలేదు. ఏ పావుగంట కోసమైతే ఆ డబ్బా కట్టారో, ఆ పావుగంట వచ్చింది కాబట్టే డబ్బా ఊడింది. ఇది మబ్బు కాదు. మబ్బు సూర్యుణ్ణి అడిగి రాదు, కానీ ఈ ఖాళీని తెచ్చింది బాపు గుండే. గుండె తప్పినందుకే గీత తెగింది. దాన్ని నేను అటూ ఇటూ ఉన్న మంచి గీతలతో నింపేశాను. అది కూడా ఆయన ముందే. తీసేస్తే ఏమీ కాదని ఆయనకు నేర్పిందీ నేనే.

రెండో పరీక్ష పెట్టి ఉంటే ఆ రోజే మళ్ళీ గుండె తప్పేదని లేదు, పేస్‌మేకర్ పెట్టేవారని లేదు, బతికేవాడని లేదు. ఇవన్నీ నాకు తెలుసు. డాక్టరును కలిసి మొత్తం చెబితే ఆయన కూడా ఇవే అన్నాడు, నా కళ్ళలోకి చూడకుండా. తెలిసి ఏం లాభం? నేను వద్దనకుండా ఉండాల్సింది. అంతే. దీన్ని ఎటు తిప్పి చెప్పినా అంతే.

మూడు వారాలు నా ఫైళ్ళు తెరవలేకపోయాను. తర్వాత తెరిచి ఒక పిచ్చి పని మొదలుపెట్టాను. ప్రతి ఖాళీ పక్కనా అది ఎందుకు వచ్చిందో రాయడం. ఎక్కడ వాన, ఎక్కడ దుమ్ము, ఎక్కడ కరెంటు పోయింది అని ఆరు చోట్ల రోజువారీ రాతలు తిరగేసి వెతకడం. హైదరాబాద్‌లో ఉండే మా పీహెచ్‌డీ గైడ్ ఫోను చేసి, "ఇది ఫలితాన్ని ఏమీ మార్చదమ్మా" అన్నారు. మార్చదని నాకూ తెలుసు. మబ్బుకు కారణం రాసినందువల్ల సూర్యుడిలో ఏ పొరా మారదు. అయినా కారణం దొరకని ఖాళీని నేనిప్పుడు నింపడం లేదు, సున్నాగానే ఉంచుతున్నాను. థీసిస్ ఇంకో ఏడాది వెనక్కి పోయింది. పోనీ.

ఇంత జరిగినా అవ్వకు చెప్పలేదు. డాక్టరు ఇంకోరోజు పెడదామన్నాడనీ, నేనే వద్దన్నాననీ ఆమెకు తెలియదనుకున్నాను. ఆమె ముందు అన్నం తినేటప్పుడల్లా దొంగతనం చేసినట్టుండేది. సంవత్సరీకానికి వారం ముందు, ఒక మధ్యాహ్నం, ఆమె చేటలో బియ్యం ఏరుతుంటే ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పేశాను. పన్నెండూ పది నుంచి మొదలుపెట్టి, కండక్టరు కొడుకు మాటల దాకా ఏదీ దాచలేదు. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

అవ్వ రాళ్ళు ఏరుతూనే ఉంది.

"డాక్టరు మళ్ళ పెడ్తనన్న సంగతి నాకెర్కనే" అంది. "ఆ దినమే చెప్పిండు మీ బాపు. ఇంట్ల అడుగు పెట్టంగనే మొదలువెట్టిండు. 'మన బిడ్డ డాక్టర్‌కే పాఠం చెప్పిందే. అంత పెద్ద డాక్టరు చేతులు కట్టుకొని ఇన్నడు. కాయితం మీద గీసి మరి చూపెట్టింది' అని. ఒక్కపారి కాదు, బువ్వ తినుకుంట చెప్పిండు, పండుకునేటప్పుడు చెప్పిండు. పొద్దుగాల పాలోనికి గూడ చెప్పిండు. గంత సంబురం నేనాయన మొఖంల ఎన్నడు సూడలే బిడ్డా."

చేట పక్కన పెట్టి నా తల మీద చెయ్యి వేసింది. నేను గట్టిగా, సిగ్గు లేకుండా ఏడ్చాను. నేను చేసిన ఆ తప్పును బాపు అంత మురిపెంగా ఇంటికి మోసుకొచ్చాడని అప్పటిదాకా నాకు తెలియదు.